కుడివైపు చివర నిలబడ్డవాడు

పిట్స్‌బర్గ్‌లో అలిగేనీ నది మీద పసుపు రంగు వంతెన ఒకటుంది. ఆట ఉన్న రోజుల్లో దాని మీద కార్లు ఆపేస్తారు. జనం కబుర్లు చెప్పుకుంటూ నడిచి అవతలి ఒడ్డున ఉన్న బేస్‌బాల్ మైదానానికి పోతారు. వంతెన దిగగానే ఒక కంచు విగ్రహం కనిపిస్తుంది. బంతిని కొట్టి, పరుగుకు కాలెత్తిన మనిషి. మొన్న మా అక్క మనవడు దాని ముందు ఆగాడు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి వాడికి నెల కూడా కాలేదు. "ఎవరు తాతయ్యా ఈయన? వీళ్ల సచినా?" అన్నాడు. "కాదురా, బౌండరీ దగ్గర నిలబడేవాడు" అన్నాను. వాడు నవ్వాడు.

ఆ నవ్వు నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఎనభైకి దగ్గరపడ్డాను. ఈ ఊళ్లో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ బౌండరీ దగ్గరి మనిషిని చూసి నేర్చుకున్నదే. మిగతా సగం, ఆయన్ని చూసి కూడా నేర్చుకోనందువల్ల తగిలిన దెబ్బలు.

ఆయన పేరు రొబెర్తో క్లెమెంటే. 1934లో పోర్టోరికోలోని కరొలీనాలో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. ఏడుగురిలో ఆఖరివాడు. స్కూల్లో జావెలిన్ విసిరిన భుజం అది. బ్రూక్లిన్ డాడ్జర్స్ వాళ్లు 1954లో పదివేల డాలర్లిచ్చి తీసుకుని, మాంట్రియల్ జట్టుకు పంపి, పెద్దగా ఆడనివ్వకుండా కూర్చోబెట్టారు. ఆ ఏడాది చివర పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆయన్ని నాలుగు వేల డాలర్లకు ఎగరేసుకుపోయారు. అక్కణ్నుంచి పద్దెనిమిది సీజన్లు ఒకే ఊరు, ఒకే చోటు. రైట్ ఫీల్డ్. అంటే బ్యాటు పట్టినవాడు నిలబడే చోటి నుంచి చూస్తే మైదానానికి కుడివైపు చివర.

1. బంతి రాని వేళే ఆట ఎక్కువ.

కాశీలో మెటలర్జీ చదివి, 1969 ఆగస్టులో రెండు పెట్టెలతో ఇక్కడి విశ్వవిద్యాలయానికి వచ్చాను. హిల్‌మన్ లైబ్రరీలో కూర్చుని చదువుకుంటుంటే సాయంత్రాలు ఉన్నట్టుండి బయట హోరు లేచేది. మొదటిసారి ఏదో గొడవ జరుగుతోందనుకున్నాను. పక్కనే ఫోర్బ్స్ ఫీల్డ్ అని 1909 నాటి బేస్‌బాల్ మైదానం ఉండేది. గదిలో నాతో ఉండే కుర్రాడు ఒక శనివారం చవక టికెట్టు కొని లాక్కుపోయాడు. మా సీట్లు కుడివైపు స్టాండులో. ఆటంతా ఎక్కడో దూరాన జరుగుతోంది. మాకు దగ్గరగా కనిపించేది 21 అంకె వేసిన ఒక వీపు.

మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర నిలబడ్డవాడు చేతులు కట్టుకుంటాడు, ప్రేక్షకులతో మాట్లాడతాడు, అవసరమైతే పల్లీలు కూడా తింటాడు. రేపల్లె బోర్డు హైస్కూల్లో నేను చేసింది అదే. ఈయన మాత్రం బంతి విసిరిన ప్రతిసారీ మోకాళ్లు వంచి మునివేళ్ల మీదికి వచ్చేవాడు. బంతి లోపలి ఫీల్డర్ల దగ్గరకు దొర్లిందా, కొట్టినవాడు ముందుగా చేరాల్సిన ఫస్ట్ బేస్ వెనక్కి పరుగు. ఎందుకని అడిగాను. లోపలివాడు ఫస్ట్ బేస్‌కు విసిరే బంతి గురి తప్పితే వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా, అదీ ఈయన పనే అన్నాడు నా మిత్రుడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ పూట పన్నెండు సార్లు పరిగెత్తాడు. ఒక్కసారీ బంతి గురి తప్పలేదు. పదమూడోసారీ పరిగెత్తాడు.

అంత కళ్లారా చూసినవాణ్ణి, రెండేళ్ల తర్వాత ఏం చేశానో చెబుతాను. ఉక్కు మిల్లులో ఉద్యోగం, లాబొరేటరీలో రాత్రి షిఫ్టు. కొలిమిలో ఒక్కో విడతకు రెండు వందల టన్నుల పైచిలుకు ఉక్కు కరుగుతుంది. దాన్నక్కడ హీట్ అంటారు. గరిటెడు నమూనా పైకి వస్తుంది. కార్బన్ ఎంతుందో చూసి ఫోన్‌లో చెప్పాలి. అంకె హద్దుకు దగ్గరగా వస్తే రెండో నమూనా అడగాలని నియమం. వరసగా పదకొండు రాత్రులు రెండో నమూనా కూడా మొదటి అంకే చెప్పింది. పన్నెండో రాత్రి మూడు గంటలప్పుడు, బయట మంచు పడుతుంటే, ఎందుకులే అనుకున్నాను. ఆ హీట్ అనుకున్న పనికి పనికిరాకుండా పోయి, ఏదో తక్కువ రకం ఆర్డరు కింద జమైంది. ఫోర్‌మన్ కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. నా వైపు చూసి, గోడకున్న గడియారం వైపు చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

2. నీ పేరు నువ్వే వదిలేస్తే ఇంకెవరూ పట్టుకోరు.

పత్రికలవాళ్లు, బొమ్మల కార్డులు అచ్చేసేవాళ్లు ఆయన్ని చాలాకాలం బాబ్ క్లెమెంటే అన్నారు. నోరు తిరగడానికి సుళువు, పైగా తమ ఊరివాడిలా వినిపిస్తుంది. ఆయన మాత్రం రొబెర్తో అనే చెప్పుకునేవాడు. ఆయన ఇంగ్లీషును యాసతో సహా అక్షరం అక్షరం విరిచి అచ్చేసి నవ్వుకున్న విలేకరులూ ఉన్నారు. వాళ్లలో ఎందరికి స్పానిష్‌లో రెండు వాక్యాలు వచ్చో నాకు అనుమానమే. 1971 అక్టోబరు 17న బాల్టిమోర్‌లో ప్రపంచ సిరీస్ ఏడో ఆట గెలిచాక మైకు ముందుకు వచ్చాడు. దేశమంతా చూస్తోంది. ఇంగ్లీషులో మాట్లాడే ముందు, అమ్మానాన్నలతో స్పానిష్‌లో రెండు ముక్కలు మాట్లాడతానని చెప్పి, వాళ్ల దీవెన అడిగాడు. ఇంటి యజమానురాలి నలుపు తెలుపు టీవీ ముందు కూర్చున్న నాకు భాష తెలియలేదు. విషయం తెలిసింది. కళ్లు తుడుచుకున్నాను కూడా.

తెల్లారి మిల్లుకు వెళ్లి మళ్లీ స్టాన్ అయిపోయాను.

నా పేరు సత్యనారాయణ. చేరిన మొదటి వారంలో ఒకాయన నా బిళ్ల చూసి, ఇది పేరా రైలు స్టేషనా అని, స్టాన్ అంటాను పర్వాలేదుగా అన్నాడు. పర్వాలేదన్నాను. బలవంతం ఏమీ లేదు, నేనే తలూపాను. మూడేళ్లలో ఆ ఆవరణలో సత్యనారాయణ అనే మనిషి లేకుండా పోయాడు. 1974 మార్చిలో నాన్నకు గుండెనొప్పి వచ్చింది. నేను అప్పుడే ఇల్లు మారాను. కొత్త చిరునామా ఊరికి రాశాను గానీ ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది. అన్నయ్య మిల్లు చిరునామాకు టెలిగ్రాం ఇచ్చాడు. టెలిగ్రాఫు ఆఫీసువాళ్లు ఫోన్ చేసి నా పూర్తి పేరు అడిగితే, ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరని స్విచ్‌బోర్డులో ఆమె చెప్పింది. ఆమె తప్పేముంది? ఆమెకు స్టాన్ తెలుసు. రెండు రోజుల తర్వాత జీతాల విభాగంలో ఒకతను అక్షరాలు పోల్చి చూసి కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అప్పటికి రేపల్లెలో అంతా అయిపోయింది. ఆ టెలిగ్రాంలో నా పేరు ఎలాంటి పొరపాటూ లేకుండా, పూర్తిగా ఉంది.

3. ఆగమన్న చేతులన్నీ నీ మంచికే లేస్తాయనుకోకు.

1956 జులై 25న ఫోర్బ్స్ ఫీల్డ్‌లో షికాగో కబ్స్‌తో ఆట. పైరేట్స్ 8-5తో వెనకబడి ఉన్నారు. ఆఖరి విడత, మూడు బేసుల్లోనూ మనవాళ్లే. క్లెమెంటే బంతిని దూరంగా కొట్టి మూడో బేసు దాకా వచ్చాడు. అక్కడ మేనేజరే నిలబడి రెండు చేతులూ ఎత్తి ఆగమన్నాడు. ఈయన ఆగలేదు. దూసుకెళ్లి ఇంటి గడప, అంటే హోమ్ ప్లేట్, తొక్కేశాడు. 9-8. బంతి మైదానం దాటకుండానే అలా నలుగుర్నీ ఇల్లు చేర్చి ఆట ముగించిన హిట్ ఇంకొకటి రికార్డుల్లో లేదంటారు. అవుటయి ఉంటే మర్నాడు ఊరంతా బూతులు తిట్టేది, అదీ నిజమే.

1979లో నేనూ ఒక మిత్రుడూ చిన్న పరీక్షల లాబొరేటరీ పెట్టుకుందామనుకున్నాం. షెడ్డు చూశాం, పాత స్పెక్ట్రోమీటరు బేరం కూడా చేశాం. నలుగురూ ఆగమన్నారు. ఆగాను. నాలుగేళ్లకు మిల్లే ఆగిపోయింది.

4. లెక్కల పుస్తకంలో లేనివాళ్లకే ఎక్కువ బాకీ ఉంటాం.

క్లెమెంటే అంకెలు ఎవరైనా చెబుతారు. మూడు వేల హిట్లు, 240 హోమ్ రన్లు, నాలుగు బ్యాటింగ్ టైటిళ్లు, ఫీల్డింగ్‌కు వరసగా పన్నెండు గోల్డ్ గ్లవ్‌లు. ఔట్‌ఫీల్డ్ నుంచి బంతి విసిరి ఎదుటివాణ్ణి అవుట్ చేయిస్తే అసిస్ట్ అంటారు, అవి 266. కానీ ఆయన విసురుకు భయపడి పరిగెత్తకుండా బేసు మీదే ఉండిపోయినవాళ్లు ఎందరు? ఆ లెక్క ఎక్కడా లేదు.

71 సిరీస్‌లోనే ఆరో ఆట. తొమ్మిదో విడత చివర స్కోర్లు సమానం. ఫస్ట్ బేస్ మీద బాల్టిమోర్ ఆటగాడు బెలాంజర్. బ్యూఫర్డ్ కొట్టిన బంతి కుడి మూలకు పోయింది. బెలాంజర్ ఇల్లు చేరితే ఆట అక్కడితో సరి. క్లెమెంటే మూలలో బంతి అందుకుని, వెనుదిరిగి విసిరిన విసురుకు అది నేరుగా హోమ్ ప్లేట్‌కు వచ్చింది. బెలాంజర్ మూడో బేసు దగ్గరే ఆగిపోయాడు. పరుగు రాలేదు, ఎవరూ అవుట్ కాలేదు, లెక్కలో ఏమీ పడలేదు. పైగా తర్వాతి విడతలో పైరేట్స్ ఆ ఆట ఓడిపోయారు. ఓడిన ఆటలో, పుస్తకంలోకి ఎక్కని విసురు అది. యాభై ఏళ్లు దాటినా నాకు ఆ సిరీస్‌లో గుర్తున్నది అదే.

మా ఇంట్లో ఆ విసురులు విసిరిన మనిషి నా భార్య. 1983లో మిల్లు నన్ను ఇంటికి పంపినప్పుడు ఆమె ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో టైపిస్టు. పదిహేడు నెలలు ఆ జీతంతోనే ఇల్లు గడిచింది. కరెంటు కోత నోటీసు రాలేదు, బ్యాంకువాడు తలుపు తట్టలేదు, పిల్లాడి స్కూలు ఆగలేదు. ఏదీ జరగలేదు కాబట్టి ఆమె ఏమీ చేయలేదని నా లెక్క. ఆ రోజుల్లో పుస్తకంలో రాసుకునేవాణ్ణి, ఎన్ని దరఖాస్తులు పెట్టాను, ఎన్ని జవాబులొచ్చాయి అని. 214 దరఖాస్తులు. ఆమె పోయి ఆరేళ్లయింది. బీరువా సర్దుతుంటే ఆమె పుస్తకం దొరికింది. పాలకు, బియ్యానికి, నా సిగరెట్లకు. అవును, నా సిగరెట్లకు కూడా ఆవిడే లెక్క రాసింది, ఒక్క మాట అనకుండా.

5. పిల్లాణ్ణి దూరంగా నిలబెట్టారని నువ్వు అవమానపడకు.

అమెరికాలో చిన్నపిల్లల బేస్‌బాల్ గురించి తెలిసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. బంతి పట్టలేని పిల్లాణ్ణి రైట్ ఫీల్డ్‌లో పెడతారు. ఆ వయసులో అంత దూరం కొట్టేవాళ్లు తక్కువ, కుడివైపుకు కొట్టేవాళ్లు మరీ తక్కువ. అక్కడ నిలబడ్డ పిల్లాడు గడ్డిపూలు కోసుకున్నా ఆటకు నష్టం లేదు. పెద్దల ఆటలో క్లెమెంటే లాంటి భుజం ఉన్నవాడికి ఇచ్చే చోటు, పిల్లల ఆటలో పనికిరానివాడికి ఇస్తారు.

మావాడికి పదేళ్లు. ఉద్యోగం పోయిన ఏడాదే లీగులో చేర్చాను. వాణ్ణి రైట్ ఫీల్డ్‌లో వేశారు. మొదట్లో సంతోషించాను కూడా, క్లెమెంటే చోటు అని. పెరట్లో వాడికి అన్నీ చెప్పాను. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు విని అడుగెయ్యాలి, మొదటి అడుగు వెనక్కే వెయ్యాలి, లోపల బంతి దొర్లితే ఫస్ట్ బేస్ వెనక్కి పరిగెత్తాలి. తర్వాత పక్క బెంచీ మీద ఒక తండ్రి నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. ఆ పూట నుంచి నాకు ఆట కనిపించడం మానేసింది. వాణ్ణి ఎక్కడ నిలబెట్టారన్నదే కనిపించేది.

జూన్‌లో ఒక సాయంత్రం, ఆఖరి విడత. అదృష్టమో దురదృష్టమో, ఒక బంతి అటు లేచింది. ఎండ వాడి కళ్లలో పడుతోంది. గ్లవ్ పైకెత్తాడు. బంతి గ్లవ్ అంచుకు తగిలి వెనక పడింది. వాడు వెనుదిరిగి వెతుక్కుంటుండగానే ఇద్దరు ఇల్లు చేరారు. నేను కంచె దాకా వెళ్లి కోచ్‌ను అడిగాను, నలుగురిలో, గొంతు పెంచి. మావాణ్ణి మూలకు తోసి, నేర్పకుండా, ఇప్పుడు తప్పు వాడిదా అని. ఆయన సాయంత్రాలు తన పని మానుకుని జీతం లేకుండా పిల్లలకు నేర్పే మనిషి. ఏమీ అనలేదు. మావాడు గ్లవ్ చంకలో పెట్టుకుని తల వంచుకుని కారు దగ్గరకు నడిచాడు. మర్నాటి నుంచి ఆడలేదు. సరే మానెయ్ అన్నాను, వాడికేదో మేలు చేసినట్టు.

ఆ మైదానంలో ఆ సాయంత్రం మూలకు తోసేసినట్టు అనిపించింది వాడికి కాదు, నాకు. అది తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అదీ వాడు చెబితేనే. పెళ్లయ్యాక ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర మాటల్లో మాటగా అన్నాడు. "నాకు అక్కడ బాగానే ఉండేది నాన్నా. చెట్టు నీడ పడేది. లోపల బంతి దొర్లిన ప్రతిసారీ ఫస్ట్ బేస్ వెనక్కి పరిగెత్తేవాణ్ణి, నువ్వు చెప్పావుగా. నువ్వు చూసేవాడివి కాదు."

మజ్జిగ పోసుకుంటూ అన్నాడు. నిష్ఠూరంగా కూడా కాదు.

6. నొప్పి ఉందన్నవాణ్ణి ముందు నమ్ము.

రంగప్రవేశానికి ముందే, తాగి కారు నడిపినవాడొకడు గుద్దేస్తే క్లెమెంటే వెన్నెముక దెబ్బతింది. జీవితమంతా అది వదలలేదు. బ్యాటింగుకు వచ్చేముందు మెడ అటూ ఇటూ తిప్పుకునేవాడు, ఆ అలవాటును జనం అనుకరించి నవ్వేవారు. వీడికి రోజుకో రోగం అని రాసినవాళ్లున్నారు. ఆడితే నటన అన్నారు, ఆడకపోతే బద్ధకం అన్నారు. మా షిఫ్టులో ఒకతను ఛాతీ బరువుగా ఉందని తరచూ కూర్చుండిపోయేవాడు. మేమంతా కన్ను గీటుకునేవాళ్లం. నేనూ గీటాను. ఇంతకంటే రాయలేను.

7. మూట పంపినంత మాత్రాన మనిషి వెళ్లినట్టు కాదు.

1972 డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం వచ్చింది. క్లెమెంటే పోర్టోరికోలో చందాలు, మందులు, సరుకులు పోగుచేసి పంపాడు. పంపినవి బాధితులకు అందకుండా అక్కడి సైనికుల పాలవుతున్నాయని విన్నాడు. నేనే వెంట వెళ్తే ఎవడు ముట్టుకుంటాడో చూద్దామనుకున్నాడు. డిసెంబరు 31 రాత్రి శాన్ హువాన్‌లో పాత డీసీ-7 విమానం ఎక్కాడు. మోయాల్సినదానికంటే నాలుగు వేల పౌండ్లకు పైగా ఎక్కువ బరువు. లేచిన కాసేపటికే సముద్రంలో పడింది. ఐదుగురు పోయారు. ఆయన శరీరం దొరకనే లేదు. సహచరుడు మానీ సాంగీయెన్, అందరూ స్మారక ప్రార్థనలో ఉంటే, తాను సముద్రంలో మునిగి వెతికాడు.

ఆ విమానం ఎక్కడం తప్పు అని చాలామంది అన్నారు. బరువు చూసుకోవాల్సింది, ముగ్గురు పసిపిల్లల తండ్రి. నేనూ అన్నాను. ఇంజనీరును, బరువుల సంగతి నాకు తెలుసు.

ఐదేళ్లు తిరక్కుండానే, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. మా అక్కను ఇచ్చింది నాగాయలంక పక్కన పల్లెకు. వేల మంది పోయారు. మావాళ్ల వార్త తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్క, బావ బతికారు. ఇద్దరు పిల్లల్లో చిన్నది నీళ్లలో పోయింది. పిట్స్‌బర్గ్‌లో అప్పటికి మా వేంకటేశ్వరుడి గుడి కొత్త. తెలుగువాళ్లం అక్కడ చేరి దుప్పట్లు, బట్టలు పోగుచేశాం. నేనే దగ్గరుండి మూటలు కట్టించాను. ఆ మూటల్లో ఏమున్నాయనుకున్నారు? సగం ఉన్ని కోట్లు. పిట్స్‌బర్గ్ చలికి కుట్టినవి, మోకాళ్ల దాకా వచ్చేవి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి ఉన్ని కోట్లు! అవి ఎవరికి చేరాయో, అసలు చేరాయో లేదో, మూటల వెంట మనిషి లేడు కాబట్టి ఎవరికీ తెలియదు.

నాకు సెలవు ఉంది. టికెట్టుకు డబ్బు కూడా ఉంది. కొత్త ఇంటికి ముందస్తు కట్టాల్సిన సొమ్ము అది. నేను వెళ్లి చేసేదేముంది, ఆ టికెట్టు డబ్బు పంపితే వాళ్లకు ఉపయోగం అనుకున్నాను. లెక్క ప్రకారం సరైనదే. పంపాను కూడా. 1981లో మొదటిసారి వెళ్తే అక్క తలుపు దగ్గర చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. "డబ్బు అందిందిరా" అంది. తర్వాత అంది, "వచ్చి ఒక్క పూట కూర్చుని ఉంటే బాగుండేది. పిల్ల గురించి ఎవరితోనూ మాట్లాడలేదు." ఆ పిల్లకు నాలుగేళ్లు. నేను చూడనే లేదు.

విమానం ఎక్కినవాడిది తప్పా ఒప్పా అని ఇప్పుడెవరైనా అడిగితే నేను జవాబు చెప్పను.

8. వచ్చే సీజన్ అనేది ఒకటుంటుందని ఎవరూ రాసివ్వలేదు.

1972 సెప్టెంబరు 29న క్లెమెంటేకు మూడు వేలకు ఒక్క హిట్టు తక్కువ. ఆ రాత్రి మెట్స్ పిచర్ టామ్ సీవర్ బంతికి ఒకటి కొట్టాడు. బోర్డు మీద హిట్ అని వెలిగింది, జనం లేచి నిలబడ్డారు. అంతలో అది ఫీల్డర్ తప్పిదమని మార్చేశారు. మర్నాడు శనివారం మధ్యాహ్నం నాలుగో విడతలో, జాన్ మాట్లాక్ బంతికి డబుల్ కొట్టాడు. మూడు వేలు. అప్పటికి అంత ఎత్తు చేరినవాళ్లలో పదకొండోవాడు. త్రీ రివర్స్ స్టేడియంలో యాభై వేల మంది పట్టేవారు. ఆ రోజు వచ్చింది 13,117 మంది.

రానివాళ్లలో నేనొకణ్ణి. మిత్రుడు టికెట్టు చేతిలో పెట్టాడు. ఓవర్‌టైమ్ ఉంది, ఒకటిన్నర కూలి. రేడియోలో వింటాలే, వచ్చే ఏడాది తీరిగ్గా చూద్దాం అన్నాను. లాబొరేటరీలో నమూనాల మధ్య చిన్న ట్రాన్సిస్టరు పెట్టుకుని బాబ్ ప్రిన్స్ వ్యాఖ్యానం విన్నాను. ఓవర్‌టైమ్ డబ్బుతో ఏం కొన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. లీగు ఆటల్లో ఆయన కొట్టిన ఆఖరి హిట్ అదే అయింది. డిసెంబరు చివర్లో ఆ విమానం. మామూలుగా ఐదేళ్లు ఆగాక తీసుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1973లోనే ఆ నియమం పక్కనపెట్టి తీసుకున్నారు. ఇప్పుడున్న మైదానంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన వీపు మీది అంకె.

ఈ గోడ సంగతి మా అక్క మనవడికి ఫోన్‌లో చెప్పాను. దగ్గర్నుంచి చూడాలి తాతయ్యా అన్నాడు. గురువారం ఆటకు వెళ్దామన్నాను. కాసేపు గొణిగి, శుక్రవారం అసైన్‌మెంటు ఇవ్వాలి, సీజన్ అయిపోవచ్చింది కదా, వచ్చే ఏప్రిల్‌లో తీరిగ్గా వెళ్దాం అన్నాడు. టికెట్లు కొనేశానురా అన్నాను. రెండు, కుడివైపు స్టాండులో, ముందు వరస. ఆరింటికి వంతెన ఇవతల నిలబడి ఉంటాను. నా మోకాళ్లకు అవతలి ఒడ్డు చేరడానికి అరగంట పడుతుంది. ఆలస్యం చెయ్యొద్దని చెప్పాను.